గని మడ్డిని ఆపే మట్టికట్ట: దిగువన ఉన్నవాళ్లం ఏమి చూడాలి, ఎవరిని అడగాలి?

ప్రశ్న
గెడ్డ ఒడ్డు, మర్రిపాలెం, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. నేను మర్రిపాలెంలో ఉంటూ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా అత్తవారి ఊరు ఇక్కడికి నాలుగు గంటల ప్రయాణంలో, కొండల అంచున ఉంది. ఊరికి ఎగువన కిలోమీటరున్నర దూరంలో, రెండు కొండల నడుమ పారే చిన్న గెడ్డకు అడ్డంగా ఒక గని సంస్థ మట్టికట్ట వేసింది. ఖనిజాన్ని కడిగి తీసుకున్నాక మిగిలే సన్నని మడ్డిని నీటితో కలిపి, గొట్టాల ద్వారా ఆ కట్ట వెనుకకు వదులుతోంది. గనిలో పనిచేసేవాళ్లు దానిని టైలింగ్ పాండ్ అంటారు, ఊళ్లో అందరూ బురద చెరువు అంటారు. నా పెళ్లినాటికి ఆ కట్ట తాటిచెట్టులో సగం ఎత్తు ఉండేది. ఈ పద్దెనిమిదేళ్లలో పెరుగుతూ పెరుగుతూ రెండు తాటిచెట్ల ఎత్తుకు వచ్చింది.

మొన్న దసరాకు వెళ్లినప్పుడు మా బావమరిది నన్ను కట్ట దగ్గరకు తీసుకువెళ్లాడు. కట్ట పాదం వెంబడి, మునుపు పశువులు మేసిన మెరక నేలలో ఇప్పుడు తుంగ మొలిచి ఉంది. ఒకచోట నీరు ఉబికి సన్నని పాయగా గెడ్డలోకి పోతోంది. వానలు లేని రోజుల్లో కూడా అది ఆగడం లేదని, రెండేళ్ల క్రితం అక్కడ ఏమీ లేదని అతను చెప్పాడు. అక్కడున్న సంస్థ ఉద్యోగిని అడిగితే, "ప్రతి మట్టికట్టకూ ఊట ఉంటుందండీ, మీ ఊరి చెరువు కట్టకు లేదా?" అన్నారు. ఆయన మర్యాదగానే చెప్పారు గాని, నాకు ఆ సమాధానం చాలలేదు.

మా వీధిలో, 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్‌లో విషవాయువు లీకైనప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురం నుంచి చీకట్లో పరుగెత్తి వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. పక్కనున్న ట్యాంకులో ఏముందో, అది బయటికి వస్తే ఏ దిక్కుకు పోవాలో ఆ రోజు వరకు తమకు ఎవరూ చెప్పలేదని వాళ్లు ఇప్పటికీ బాధపడతారు. మా అత్తవారి ఊళ్లో అలా తరువాత అనుకోవలసిన స్థితి రాకూడదని ఇక్కడ అడుగుతున్నాను. చెరువు కట్టకూ ఈ కట్టకూ నిజంగా తేడా లేదా? చదువుకున్న సామాన్యుడు బయట నుంచి చూసి గుర్తించగల ప్రమాద సూచనలు ఏమిటి? ఇలాంటి కట్టను తనిఖీ చేసే బాధ్యత ఏ కార్యాలయానిది? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు
పాత నీరుగంటి, ఎం.వి.పి. కాలనీ

మాస్టారూ, నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా మట్టికట్టల మీదే తిరిగినవాణ్ణి కనుక కట్ట సంగతి వరకు చెబుతాను. ఆ ఉద్యోగి మాటలో నిజం ఉంది, అయితే అది సగమే. ఊట లేని మట్టికట్ట ఉండదు. ఆ ఊట ఎక్కడ వస్తోంది, ఎంత వస్తోంది, ఏ రంగులో వస్తోంది అన్నదే చూడవలసిన సంగతి. కట్ట లోపల నీరు ఎగువ నుంచి దిగువకు ఒక వాలు గీతగా దిగుతుంది. బాగా కట్టిన కట్టలో ఆ గీత పాదం దగ్గర వేసిన ఇసుక, కంకర వడపోత పొరలోకి దిగి, తేట నీరుగా బయటికి పోతుంది. ఆ గీత పైకి లేచి బయటి వాలు మీద చెమ్మగా కనబడితే, బరువు మోయవలసిన మట్టి నీటితో నిండి బలం కోల్పోతున్నదని అర్థం. తుంగ ఒక్క వానకు మొలవదు, నెలల తరబడి తడి నిలిచిన చోటే పాతుకుంటుంది. కాబట్టి మీ బావమరిది చూపించినది కొట్టిపారేయవలసిన ఆధారం కాదు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఒక తెల్లని గాజుసీసాలో ఆ ఊటనీరు పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున మట్టి పేరుకుందేమో చూడండి. తేట నీరు నిలకడగా వస్తుంటే గాభరా పడనక్కరలేదు. నీరు మట్టిని మోసుకువస్తుంటే మాత్రం కట్ట లోపల నుంచి తరుగుతున్నదన్న మాట. ఎలుక కన్నమంతగా మొదలై అదే గండి అవుతుంది. బకెట్టు నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా కొలిచి, తేదీ, ఆ వారంలో పడిన వాన రాసిపెట్టించండి. ఒక్క కొలతతో ఎవరినీ ఒప్పించలేరు. ఆరు నెలల వరుస కొలతలు చూపిస్తే వాటిని పక్కన పెట్టడం ఏ ఇంజినీరుకూ సాధ్యం కాదు. ఇంకొక మాట, ఊట కనబడిన చోట బంకమట్టి కొట్టి మూయడానికి ఎవరు వచ్చినా ఒప్పుకోకండి. చెరువుల మీద ఈ తప్పు నేను చాలాసార్లు చూశాను. దారి మూస్తే ఒత్తిడి కట్టలోనే పెరుగుతుంది. ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన రాయి పరిచి, నీటిని పోనిస్తూ మట్టిని ఆపడమే పద్ధతి.

ఇక చెరువు కట్టతో పోలిక గురించి. చెరువు కట్టను ఒకసారి కట్టి, నీరు నింపి చూసి, పని పూర్తయిందని సంతకం పెడతారు. మడ్డి కట్టకు ఆ రోజు రాదు. గని నడిచినన్నాళ్లూ అది పెరుగుతూనే ఉంటుంది, కట్టడం మొదలుపెట్టిన ఇంజినీరు ఒకరు, ఇరవయ్యో ఏట దాని మీద మట్టి వేయించే ఇంజినీరు మరొకరు. పెంచే తీరులో కూడా తేడా ఉంది. కట్టను బయటి వైపుకు వెడల్పు చేస్తూ పెంచితే మట్టి ఖర్చు చాలా ఎక్కువ, కాని ప్రతి పొరా గట్టి నేల మీద కూర్చుంటుంది. లోపలి వైపుకు జరుపుతూ పెంచితే ఖర్చు తక్కువ, కాని ప్రతి కొత్త మెట్టూ అప్పటికే పోసిన మెత్తని మడ్డి మీదనే కూర్చుంటుంది. ఆర్.కె. బీచ్‌లో అల వెనుదిరిగిన చోట తడి ఇసుక మీద నిలబడి మడమతో తడుతూ ఉంటే, అంతవరకు గట్టిగా ఉన్న ఇసుక జావగా మారి కాలు దిగబడటం మీరు చూసే ఉంటారు. నీటితో నిండిన మడ్డి కూడా అలాగే ఒక్కసారిగా ద్రవంలా మారగలదు.

బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యోలో జరిగినది అదే. అక్కడి ఇనుప గని మడ్డి కట్టను 1976లో మొదలుపెట్టి, లోపలి వైపుకు పెంచుతూ 86 మీటర్ల ఎత్తుకు తెచ్చారు. 2016లో మడ్డి పోయడం ఆపేశారు. కట్ట నిలకడగా ఉందని 2018లో ధ్రువపత్రం కూడా వచ్చింది. 2019 జనవరి 25 మధ్యాహ్నం, భూకంపం గాని పేలుడు గాని లేకుండానే, కొన్ని సెకన్లలో కట్ట ముఖం మొత్తం జారిపోయింది. 270 మంది చనిపోయారు. కట్టలోని నీరు సరిగ్గా బయటికి పోయే ఏర్పాటు లేకపోవడం ప్రధాన కారణాల్లో ఒకటని ఆ తరువాత నిపుణుల బృందం తేల్చింది.

మీరు లెక్కల మాస్టారు కనుక వాన సంగతి లెక్కగానే చెబుతాను. బురద చెరువు విస్తీర్ణం 20 హెక్టార్లు, దానిలోకి నీరు దిగే కొండవాలు మరో 60 హెక్టార్లు అనుకోండి. తుఫాను రోజున 200 మిల్లీమీటర్ల వాన పడి, అప్పటికే తడిసి ఉన్న కొండ దానిని ఇంకించుకోలేకపోతే, 1,60,000 ఘనమీటర్ల నీరు చెరువులోకి చేరుతుంది. అంటే మట్టం 80 సెంటీమీటర్లు పెరుగుతుంది. కట్ట అంచుకు, నీటికి మధ్య వదిలిన ఖాళీ ఒక మీటరే అయితే ఇక మిగిలేది జానెడు. మట్టికట్ట మీద నుంచి నీరు పొర్లితే ఇక దానిని ఎవరూ ఆపలేరు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు మనమందరం చూశాం. అందువల్ల నాకు రెండు సంగతులు తెలియాలి. మీ కట్ట మెట్లు ఏ వైపుకు జరుగుతున్నాయి? లోపల నిలిచిన నీరు కట్టను తాకుతోందా, దూరంగా ఉందా?

ప్రశ్న అడిగినవారు
గెడ్డ ఒడ్డు

అయ్యా, ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. నిన్న మా బావమరిది ఎదురు కొండ ఎక్కి చూసి ఫోటోలు పంపాడు. మెట్లు ఒక్కొక్కటీ లోపలికే జరుగుతున్నాయి. నీరు చాలా వరకు వెనుక కొండ వైపు ఉంది గాని, ఎడమ కొసన మాత్రం కట్టను ఆనుకుని ఉంది. ఊట వస్తున్నది కూడా ఆ కొస కిందనే. కొండ మీది వాన నీటిని పక్కకు మళ్లించే కాలువ ఉంది, అది పొదలతో పూడిపోయి ఉంది.

జవాబు
ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి

నేను వేరే రాష్ట్రంలోని ఒక గనిలో పదకొండేళ్లు మడ్డి గొట్టాల షిఫ్టు చూసి, ఇప్పుడు భీమిలిలో స్థిరపడ్డాను. ఎడమ కొసన నీరు కట్టను ఆనుకుని ఉన్నదన్న మాట చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మడ్డిని కట్ట అంచు నుంచి, అనేక చిన్న గొట్టాల ద్వారా వంతులవారీగా వదలాలి. అప్పుడు బరువైన ఇసుక కట్ట దగ్గరే దిగి మేట వేస్తుంది, నీరు దూరంగా వెనుకకు పోతుంది. ఆ ఇసుక మేట వెడల్పే కట్టకు అసలైన రక్ష. ఒక కొసన గొట్టాలు తెరవకుండా వదిలేస్తే అక్కడ మేట పడక నీరు కట్ట మీదికి వస్తుంది. సాధారణంగా అలా జరిగేది ఆ వైపు గొట్టం పాడైనప్పుడో, మనుషులు చాలనప్పుడో. డిజైను మారకుండానే, రోజువారీ పని చెడటం వల్ల కట్ట ప్రమాదంలో పడుతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక వర్షాకాలంలో తేట నీటిని బయటికి తీసే బావి చెత్తతో పూడుకుపోయింది, పంపు ఒకటి అప్పటికే మరమ్మతులో ఉంది. రెండు రోజుల్లో నీరు కట్ట అంచుకు మోకాలెత్తు దూరం దాకా వచ్చింది. కర్మాగారం నుంచి మడ్డి రావడం ఆపమని నేను అర్ధరాత్రి ఫోను చేస్తే, ఆ నిర్ణయం పై అధికారి తీసుకోవాలన్నారు. ఆయనకు ఉత్పత్తి లక్ష్యం ఉంది. తెల్లవారే వరకు మడ్డి వస్తూనే ఉంది. వాన తగ్గింది కాబట్టి బతికాం. నేను ఆ రాత్రి చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆ మట్టాన్ని లాగ్ బుక్కులో రాశాను గాని, దిగువ పల్లెకు కబురు పంపలేదు. ఆ పల్లెలో నాకు పేరుపేరునా తెలిసినవాళ్లు ఉన్నారు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు.

దక్షిణాఫ్రికాలోని మెరీస్‌ప్రూట్‌లో 1994 ఫిబ్రవరి 22న ఒక సాయంత్రపు వానకు మడ్డి కట్ట పొర్లి తెగి 17 మంది చనిపోయారు. అక్కడ కూడా చెరువులో ఉండవలసిన దానికన్నా ఎక్కువ నీరు నిలవ పెట్టారు, ఖాళీ చాలినంత వదలలేదు. అందుకని మీరు సంస్థ వారిని కలిసినప్పుడు తప్పకుండా అడగండి: నీటి మట్టం ఫలానా గుర్తు దాటితే కర్మాగారాన్ని ఆపే అధికారం ఎవరిది, ఆ మనిషి ఉత్పత్తి విభాగం కింద పనిచేస్తాడా, బయటివాడా? బ్రుమాదిన్యో తరువాత 2020 ఆగస్టులో వెలువడిన అంతర్జాతీయ టైలింగ్స్ ప్రమాణం కోరేది కూడా దాదాపు ఇదే. కట్టకు ఫలానావారని పేరు చెప్పగల బాధ్యుడైన ఇంజినీరు ఒకరు ఉండాలి, సంస్థతో సంబంధం లేని నిపుణులు ఎప్పటికప్పుడు పరిశీలించాలి, దిగువ ప్రజలకు వివరాలు తెలియాలి.

అయితే పైన పెద్దాయన చెప్పిన సీసా పరీక్షకు ఒక హద్దు ఉన్నదని కూడా గుర్తుంచుకోవాలి. కెనడాలోని మౌంట్ పోలీ కట్ట 2014 ఆగస్టు 4న తెగినప్పుడు కారణం కట్ట మీద కనబడేది కాదు. పునాదిలో ఉన్న మెత్తని బంకమట్టి పొరను డిజైను చేసినవాళ్లు సరిగ్గా గుర్తించలేదు. తనిఖీలు ఇంకొన్ని పెంచినా దానిని ఆపగలిగేవి కావని విచారణ బృందమే చెప్పింది. కాబట్టి పునాదిలో ఎన్ని చోట్ల బోరు వేసి చూశారు, కట్ట ఇంత ఎత్తు పెరుగుతుందని తెలిసి వేశారా, అన్నది కాగితం మీద అడగవలసిన ప్రశ్న.

జవాబు
ఉక్కు నగరం నుంచి

నాకు ఒక అభ్యంతరం ఉంది. మాస్టారి ఊరి పరిస్థితి నాకు తెలియదు గాని, మా తాలూకాలో ఇలాగే గొడవ జరిగి గని మూతపడింది, మూడు వందల మంది కూలి పోయింది. ఫోటోలు, సీసాలు పట్టుకుని తిరిగితే చివరకు నష్టపోయేది ఊరివాళ్లే కదా?

జవాబు
పాత నీరుగంటి

మీ బాధ నాకు అర్థమవుతుంది, దానిని తేలికగా తీసుకోను. కాని ఇక్కడ ఎవరూ గనిని మూయమనడం లేదు. మూస్తే ప్రమాదం పోతుందనుకోవడం కూడా తప్పే. బ్రుమాదిన్యో కట్ట తెగేనాటికి మడ్డి రావడం ఆగి రెండేళ్లు దాటింది. మడ్డి ఎక్కడికీ పోదు, కట్ట ఎప్పటికీ దానిని మోయాలి, గని నడుస్తున్నంత కాలమే దాని మీద డబ్బు పెట్టేవాడు ఒకడు ఉంటాడు. ఎడమ కొసన నీటిని వెనుకకు జరపడం, పూడిన మళ్లింపు కాలువ తవ్వడం, ఊట ఉన్న పాదం మీద వడపోత పొర వేసి రాతి బరువు పేర్చడం, పీజోమీటర్లు పెట్టి లోపలి నీటి ఒత్తిడిని వారం వారం చదవడం, ఇవన్నీ గని నడుస్తుండగానే చేయగలిగిన పనులు. వీటిలో కొన్నింటికి ఆ ఊరివాళ్లకే కూలి దొరుకుతుంది.

జవాబు
సీతమ్మధార న్యాయవాది

ఎవరిని అడగాలన్న ప్రశ్న మిగిలిపోయింది కనుక నేను రాస్తున్నాను. ఆనకట్టల భద్రతా చట్టం 2021లో వచ్చింది, చాలామంది ముందుగా దానినే ఉదహరిస్తారు. కాని ఆ చట్టం నదులకు, ఉపనదులకు అడ్డంగా నీటిని నిలపడానికో మళ్లించడానికో కట్టిన వాటినే ఆనకట్టగా నిర్వచించింది. గని మడ్డి కట్టను ఆ నిర్వచనంలోకి తేవడం సులభం కాదు. మీ కట్ట గెడ్డకు అడ్డంగా ఉన్నదన్న వాదన చేయవచ్చు గాని, దాని మీదనే ఆధారపడితే కార్యాలయాల మధ్య తిరగడంతోనే ఏళ్లు గడుస్తాయి. పనివాళ్ల భద్రత, గని లోపలి కట్టడాలు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ చూస్తుంది. గని ప్రణాళిక, మడ్డి పారబోసే తీరు భారతీయ గనుల బ్యూరో పరిధిలోకి వస్తాయి. నీటి కాలుష్యానికి సంబంధించిన సమ్మతి పత్రం 1974 నాటి చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇస్తుంది. ఊరి రక్షణ ఏర్పాటు 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉన్న జిల్లా సంస్థది. ఇంతమంది ఉన్నారు కాబట్టే కట్ట పాదం దగ్గర తుంగ మొలిస్తే అది ఎవరి ఫైలులోకి వెళ్లాలో తేలడం లేదు. నా అభిప్రాయంలో మన దేశంలో ఈ విషయానికి సంబంధించిన అతి పెద్ద లోటు ఇదే. 2019 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని మూరిలో అల్యూమినా కర్మాగారం ఎర్రమడ్డి గుట్ట కూలినప్పుడు గాని, 2020 ఏప్రిల్‌లో సింగ్రౌలీ ప్రాంతంలో విద్యుత్ కేంద్రం బూడిద కట్ట తెగి ప్రాణాలు పోయినప్పుడు గాని, జరిగిన తరువాత అన్ని శాఖలూ వచ్చాయి.

ఆచరణలో మీరు పట్టుకోవలసినది పర్యావరణ అనుమతి పత్రం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం అనుమతి పొందిన సంస్థ, షరతుల అమలుపై ప్రతి ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి, అవి ప్రజలు చూడగల పత్రాలు. అందులో మడ్డి కట్టకు ఎంత ఎత్తు వరకు అనుమతి ఉందో ముందు చూడండి. రెండు తాటిచెట్ల ఎత్తు అనుమతిలో ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. సంస్థ ప్రైవేటుది అయినా, చట్ట ప్రకారం ప్రభుత్వ కార్యాలయం దాని నుంచి తెప్పించుకోగల పత్రాలను సమాచార హక్కు కింద ఆ కార్యాలయాన్ని అడగవచ్చు, గడువు 30 రోజులు. దరఖాస్తులో "కట్ట సురక్షితమా" అని రాయకండి. సురక్షితమేనన్న ఒక్క ముక్క జవాబు వస్తుంది. ఆమోదించిన డిజైను నకలు, గత రెండేళ్ల పీజోమీటరు రీడింగులు, చివరి స్వతంత్ర తనిఖీ నివేదిక, కట్ట తెగితే మడ్డి ఎక్కడి దాకా వస్తుందో చూపే పటం, వీటిని పేరు పేరునా అడగండి. అలాంటి పత్రం తమ వద్ద లేదని రాసి ఇస్తే అది కూడా మీకు విలువైన ఆధారమే. మీ అత్తవారి ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో ఉంటే గ్రామసభ తీర్మానం జత చేయడం మరువకండి.

ప్రశ్న అడిగినవారు
గెడ్డ ఒడ్డు

నాలుగు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. సీసా పరీక్ష మూడుసార్లు చేశాం. రెండుసార్లు నీరు తేటగానే ఉంది. వాన పడిన మరునాడు పట్టిన సీసాలో మాత్రం అడుగున గోరు మందం బూడిదరంగు మట్టి దిగింది. బకెట్టు మొదట 40 సెకన్లలో నిండింది, వాన తరువాత 26 సెకన్లకే నిండింది. ఈ అంకెలతో, ఫోటోలతో సర్పంచి గారు, నేను, మరో ఆరుగురం సంస్థ కార్యాలయానికి వెళ్లాం. మునుపు నాతో మాట్లాడిన ఉద్యోగే ఈసారి కొలతలు చూసి చాలాసేపు మౌనంగా ఉండి, మమ్మల్ని కూర్చోబెట్టి పై అధికారిని పిలిచారు. మళ్లింపు కాలువ పూడిక తీయడం మొన్న మొదలైంది. ఎడమ వైపు గొట్టాలు మార్చడానికి రెండు నెలలు పడుతుందన్నారు. మడ్డి రావడం ఆపే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు రాలేదు. రాతపూర్వకంగా అడిగి, నకలు కలెక్టరు గారి కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. సమాచార హక్కు దరఖాస్తులు రెండు వెళ్లాయి.

ఈ చర్చ చదివిన తరువాతే నాకు తట్టిన విషయం ఒకటుంది. ఊరి ప్రాథమిక పాఠశాల సరిగ్గా గెడ్డ మలుపులో ఉంది, అక్కడ నలభై ముగ్గురు పిల్లలు చదువుతున్నారు. బ్రుమాదిన్యోలో కార్మికుల భోజనశాల కట్టకు దిగువనే ఉందని, ఆ రోజు సైరను మోగలేదని చదివాక నాకు నిద్ర పట్టలేదు. పాఠశాల నుంచి రామాలయం ఉన్న మెట్ట మీదికి పిల్లలను నడిపించి చూశాం. ఒకటో తరగతి పిల్లలతో కలిసి ఎక్కడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. మడ్డి కట్ట నుంచి పాఠశాల వరకు రావడానికి ఎంత సమయం పడుతుందో ఆ పటం వస్తే గాని చెప్పలేం. అది వచ్చే వరకు ఆగకుండా, పాఠశాల వెనుక ముళ్లకంచె కొట్టించి నేరుగా మెట్ట మీదికి దారి వేయిస్తున్నారు, దానితో మూడు నిమిషాలు తగ్గుతుందని మా బావమరిది అంచనా. కట్ట మీద రాత్రి కాపలా ఉండే ఇద్దరి ఫోను నంబర్లు, ఊళ్లో ఐదుగురి నంబర్లు ఒకరికొకరు రాసుకున్నారు. భీమిలి పెద్దమనిషి రాసినది వాళ్లకు చదివి వినిపించాను. వచ్చే ఆదివారం మళ్లీ బకెట్టు కొలత ఉంది, ఆ అంకె ఇక్కడే రాస్తాను.